జుమా భాయ్ కథకి నేను కొట్టిన ఊఁ

ముందుగా ప్రమాణం చేస్తున్నాను. నేను చెప్పబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. మా టిఫిన్ సెంటర్లో పొద్దున్నే వెలిగే పొయ్యి సాక్షిగా, ఆ పొయ్యి పక్కనే కాళ్ళు చాపుకుని కూచున్న మేక మీద ఒట్టు వేసి మరీ చెప్తున్నాను. మా వీధిలో నా మాటకి ఎంత విలువుందో నాకు తెలియకపోలేదు. బహ్రెయిన్‌లో ఎండలెట్లా ఉండేవని ఎవరో అడిగితే, జిదాఫ్స్ మార్కెట్లో కొన్న గుడ్ల అట్ట బస్సులో సల్మాబాద్ చేరేసరికి అందులోంచి ఒక పిల్ల కిచకిచమంటూ తల బయటపెట్టిందని చెప్పాను. ఆనాటి నుంచి నన్ను గుడ్ల మల్లేశం అంటున్నారు. అననివ్వండి. అది కూడా నిజమే.

మేకంటే గడ్డి తినే మేక కాదు. కొబ్బరి కోరే చెక్కపీట. మడిచి చంకలో పెట్టుకునే వీలుండే ఆ పీట ముందు భాగంలో, నాలుక చాపినట్టుగా, పళ్ళున్న ఇనప ముక్క ఉంటుంది. పీట మీద కూచుని, కొబ్బరి చిప్పని ఆ నాలుక మీద తిప్పుతుంటే తురుము కింద పళ్ళెంలో రాలుతుంది. జాంజిబార్ వైపు దాన్ని మేక అనే పిలుస్తారట. మా ఇంట్లో మిక్సీ ఉంది, గ్రైండర్ ఉంది. అయినా చట్నీకి కొబ్బరి మాత్రం నేను మేక మీద కూచునే కోరతాను. మా ఆవిడ మొదట్లో నవ్వేది, తర్వాత తిట్టేది, ఇప్పుడు రెండూ మానేసింది. మొన్న వానాకాలం చివర్లో ఒక నల్లని పొడుగాటి అమ్మాయి, తలకి పువ్వుల గుడ్డ కట్టుకుని, మా హోటల్ ముందు ఆటో దిగింది. లోపలికొచ్చి, నన్ను కాదు, పీటని చూసి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. "మా నాన్న మేక!" అంది ఇంగ్లీషులో. ఆ అమ్మాయి జుమా భాయ్ కూతురు జైనబ్. అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చి, వాళ్ళ నాన్న ఆజ్ఞ ప్రకారం నన్ను వెతుక్కుంటూ మా ఊరు వచ్చింది. చేతిలో ఒక పుస్తకం. ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే, నేనింకా మీసాలు సరిగ్గా రాని రోజుల్లో, సల్మాబాద్ క్యాంపులో ఉన్న మా గదికి వెళ్ళాలి.

మా గదికి ఒక వాసన ఉండేది. టైర్ల రబ్బరు, ఖాజా మామ గడ్డానికి పెట్టుకునే గోరింట, అప్పారావన్న బట్టల్లోంచి రాలే రంపపు పొట్టు, ఏసీ నీళ్ళు కారి తడిసిన గోడ. ఈ నాలుగూ కలిస్తే మా ఇల్లు. ఖాజా మామది నిజామాబాద్ వైపు. కంపెనీ బస్సు నడిపేవాడు. గదిలో పెద్దాయన. బస్సు స్టార్ట్ చేసేముందు స్టీరింగ్‌కి సలాం చెప్పేవాడు. చెప్పని రోజున అది కదలదని ఆయన నమ్మకం, నేను కూడా రెండుసార్లు చూశాను. అప్పారావన్నది గోదావరి జిల్లా, వడ్రంగం. ఇరవై నాలుగు గంటలూ చెవి మీద పెన్సిలు. స్నానం చేసేటప్పుడు కూడా. నేను టైర్ల గోడౌన్‌లో లోడింగ్. అలాంటి గదిలోకి ఒక శుక్రవారం పూట, ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చంకలో చెక్కపీటతో జుమా భాయ్ వచ్చాడు. జుమా అంటే వాళ్ళ భాషలో శుక్రవారం పుట్టినవాడు. వాళ్ళ నాన్న పేరు హమీస్, అంటే గురువారం. "మీ తాత బుధారమా భాయ్?" అని ఖాజా మామ అడిగితే, "కాదు, ఆయన పండగ రోజు పుట్టాడు, అందుకే మా ఇంట్లో ఆయనొక్కడే సోమరి" అన్నాడు జుమా భాయ్. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఆడిన హిందీ సినిమాలన్నీ చూసి నేర్చుకున్న హిందీ అతనిది. దాంట్లో కొంత అరబీ, కొంత వాళ్ళ స్వాహిలీ కలిపి మాట్లాడేవాడు. మీకోసం నేను తెలుగులో రాస్తున్నాను.

"పీట ఎందుకు తెచ్చుకున్నవ్ భాయ్? ఈడ మంచాలున్నయి గద" అన్నాడు ఖాజా మామ.

"నేను రచయితని. ఇది నా ఆఫీసు కుర్చీ" అన్నాడు జుమా భాయ్, దాన్ని కిటికీ కింద పరుస్తూ.

ఖాజా మామ గడ్డం గోక్కున్నాడు. "గల్ఫుకు వచ్చినోళ్ళల్ల డ్రైవర్లను చూసిన, మేస్త్రీలను చూసిన. రైటర్ని చూసుడు ఇదే ఫస్టు. మన సేటు కఫీల్‌కు ఎరుకేనా?"

"ఎరుకే. టైర్లు సరిగ్గా లెక్కపెట్టు, తర్వాత ఏమైనా రాసుకో అన్నాడు. టైర్లు నా డ్యూటీ. కథలు నా పని."

ఇంత గర్వంగా మాట్లాడే మనిషిని మా క్యాంపులో ఎవరూ చూడలేదు. పోనీ కోపం తెచ్చుకుందామంటే, నవ్వితే అతని ముందు పళ్ళ మధ్య సందు కనపడి మనకీ నవ్వొచ్చేది. అతను పుట్టింది లవంగాల దీవిలో. ఊరంతా చాపలు పరిచి లవంగాలు ఎండబెడతారట. వాన మబ్బు కనపడగానే బడి కూడా వదిలేసి పిల్లలంతా చాపలు చుట్టడానికి పరిగెత్తాలట. సాయంత్రం నానమ్మ మేక మీద కూచుని కొబ్బరి కోరుతూ కథలు చెప్పేది. జుమా భాయ్ లవంగాలు తిరగేస్తూ వినేవాడు. పెద్దయ్యాక బడి పంతులయ్యాడు, రేడియోకి కథలు రాశాడు, ఒక చిన్న కథల పుస్తకం అచ్చయింది. "ఆ పుస్తకాన్ని చదివినవాళ్ళకంటే తిన్న చెదలే ఎక్కువ. కానీ చెదలు పూర్తిగా తిన్నాయి, మధ్యలో వదల్లేదు. అది నాకు తృప్తి" అనేవాడు. తర్వాత ఇంటి అవసరాలు పెరిగి, మా అందరిలాగే విమానం ఎక్కాడు.

అరాద్‌లో, విమానాశ్రయం పక్కన, అతని చిన్నాన్న కొడుకు ఒకడు ఉండేవాడు. పాతకాలపు ఇల్లు. ఓసారి మేమంతా వెళ్ళినప్పుడు అప్పారావన్న పైకప్పు వంక తలెత్తి చూసి, చెవి మీద పెన్సిలు తీసి దూలాల్ని చూపిస్తూ, "ఇవి మడ కర్రలండి. ఈ ఎడారిలోకి మడ చెట్లు ఎట్టా వచ్చినియ్యండీ?" అన్నాడు. జుమా భాయ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మా దేశం నుంచి. తెరచాప ఓడల్లో, కూసీ అనే దక్షిణపు గాలి మీద" అన్నాడు. తాతల కాలంలో అక్కణ్ణుంచి గాలివాటున ఓడలు ఇక్కడికి దూలాలు, లవంగాలు తెచ్చేవని, గాలి తిరగ్గానే వెనక్కి వెళ్ళిపోయేవని చెప్పాడు. ఆ దూలాల కిందే అతనికి నవల దొరికింది. అందులో మకామే అనే ఓడ వంటవాడు ఉంటాడు. ఓడ ఈ ఒడ్డున ఆగినప్పుడు, చేపల కూరలోకి నిమ్మకాయలు కొనడానికి దిగుతాడు. బజార్లో బేరమాడి తిరిగొచ్చేసరికి గాలి తిరిగిపోయింది, ఓడ వెళ్ళిపోయింది. గుడ్డలో మూటకట్టిన నిమ్మకాయలతో ఒడ్డున నిలబడిపోయాడు. మళ్ళీ గాలి వచ్చేదాకా ఏడాది. ఆ ఏడాదే నవల.

జుమా భాయ్ ముందు రాసేవాడు కాదు. ముందు చెప్పేవాడు. చెవిలో నిలబడని వాక్యం కాగితం మీద ఎట్లా నిలబడుతుందని అతని వాదన. శుక్రవారం పొద్దున వంట వంతు మా నలుగురిదీ. అప్పారావన్న కూరలు తరిగేవాడు, ఖాజా మామ పప్పులో రాళ్ళు ఏరేవాడు, నేను ఉల్లిపాయలు. జుమా భాయ్ మేక మీద కూచుని కొబ్బరి చిప్ప చేతిలోకి తీసుకుని "పౌక్వా!" అని కేకేసేవాడు. మేం "పకావా!" అనాలి. అది వాళ్ళ కథలకి తలుపు. ఆపైన కొబ్బరి రాలుతుండగా కథ సాగేది. ఆ కొబ్బరి పాలు పోసి వండిన అన్నం వాసనకి, అరాద్ వైపు దిగాల్సిన విమానాలు మా క్యాంపు మీద ఓ చుట్టు ఎక్కువ తిరిగేవి. కావాలంటే ఆ రోజుల్లో ప్రయాణం చేసినవాళ్ళని అడగండి. ఇక కథ మొదలైందంటే, మన తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది కదా, నేను ఊఁ కొట్టాను.

జుమా భాయ్ చెయ్యి ఆగింది. "ఏమన్నావు?"

"ఊఁ."

"అంటే? బాగుందా?"

నేను తలూపాను. ఆ ఒక్క తల ఊపడమే మా అందరి కొంపా ముంచింది. ఊఁ అంటే ఆ వాక్యం నాకు నచ్చినట్టని అతను లెక్క వేసుకున్నాడు. ఊఁ పడిన వాక్యాల్ని వారమంతా డ్యూటీ అయ్యాక రాసుకునేవాడు. ఊఁ పడనివి కొట్టేసేవాడు. నాకీ సంగతి తెలీదు. ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ నేను ఊఁ మరిచిపోతే, ఆ వారం ఒక సముద్రం తుఫాను లేకుండా పోయేది. ఒకసారి సరిగ్గా ఊఁ కొట్టాల్సిన చోట తుమ్మినందుకు, పాపం ఒక ముసలి జాలరి నవల్లోంచే వెళ్ళిపోయాడు. అప్పారావన్న, ఖాజా మామ కూడా కొట్టేవాళ్ళు గానీ వాళ్ళవి పనిమధ్యలో పడే చిల్లర ఊఁలు. నాది మాత్రం గడియారం లాగా పడేది. "మల్లేశ్ లాంటి శ్రోత మా నానమ్మకి కూడా దొరకలేదు" అని పక్క గదులవాళ్ళకి చెప్పేవాడు జుమా భాయ్. నేను ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి.

నవల దాదాపు అయిపోయింది. చివర ఒక్కటే కుదరలేదు. ఏడాది తర్వాత ఓడ తిరిగొస్తుంది. మకామే ఎక్కాలా, ఒడ్డునే ఉండిపోవాలా? వాళ్ళ దేశపు పట్నం దారెస్సలాంలో పుస్తకాలు వేసే ఒకాయన అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాడు, ముగింపు లేదని. మూడోసారి చూడమంటే ఒప్పుకున్నాడు గానీ, రంజాన్ పండగ అయిన వారంలోపు అన్నాడు. అరాద్ తమ్ముడు పండగ మర్నాడు ఊరికి వెళ్తున్నాడు, కాగితాలు చేతిలో పట్టుకెళ్ళి ఇస్తాడు. "ఈసారి కూడా వెనక్కొస్తే, ఇంక నేను టైర్లే లెక్కపెట్టుకుంటాను. రచయితనని ఎవరికీ చెప్పను" అన్నాడు జుమా భాయ్ ఒకరోజు బస్సులో. అతను నవ్వకుండా మాట్లాడింది నేను చూడటం అదే మొదలు. ఆ మాట విని ఖాజా మామ బస్సు స్లో చేశాడు.

ఆ రోజుల్లోనే జుమా భాయ్ జిదాఫ్స్ నుంచి లూమీ తెచ్చాడు. అక్కడివాళ్ళు నిమ్మకాయల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి, ఎండలో ఎండబెట్టి, కూరల్లో వేస్తారు. నల్లగా, తేలిగ్గా, ఊపితే గింజలు గలగలలాడుతూ ఉంటాయి. ఆ వారం గది తుడిచే వంతు అప్పారావన్నది. సాయంత్రం చూస్తే లూమీ సంచీ చెత్తబుట్టలో ఉంది.

"మిమ్మల్ని నిలువునా మోసం చేసేసేడండి ఆ కొట్టువోడు!" అన్నాడు అప్పారావన్న. "కుళ్ళి, ఎండి, బొగ్గులైపోయిన నిమ్మకాయలు అంటగట్టేడు. నేనైతే ఆడి మొహాన కొట్టి వచ్చేద్దును."

జుమా భాయ్ చెత్తబుట్టలోంచి సంచీ తీసి దులిపాడు. "కుళ్ళలేదు అప్పా. ఎండలో కూచున్నాయి, అంతే. మన లాగే."

"మనవూ ఎండేవు గానండీ, మనల్నెవరూ కూరలో వెయ్యలేదు" అన్నాడు అప్పారావన్న. మేం నవ్వుతుంటే జుమా భాయ్ ఒక కాయని చెవి దగ్గర ఊపుకుంటూ ఉండిపోయాడు. అప్పటికి ఏమీ తట్టలేదు.

తర్వాత శుక్రవారం పిడుగు పడింది. ఖాజా మామ ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. ఆయన పద్ధతి ఏమిటంటే, ఫోన్ మంచం మీద పెట్టి, చేతిలో అద్దం పట్టుకుని గడ్డం దువ్వుకుంటూ, రెండు దువ్వులకొకసారి ఫోన్ వైపు వంగి "ఊఁ" అనేవాడు. "ఊఁ... ఊఁ... ఊఁ... సరే, ఖుదాఫిజ్." జుమా భాయ్ కొబ్బరి పగలగొట్టబోతూ ఆగి, "భాభీ ఏమంటోంది?" అని అడిగాడు.

"నాకేమెరుక?"

"ఇప్పుడే కదా అన్నిసార్లు ఊఁ అన్నావు!"

"ఊఁ అంటె నచ్చినట్టు గాదు భాయ్, విన్నట్టు గుడ గాదు. మనిషి లైన్ల ఉన్నడు, బతికే ఉన్నడు అని. అంతే."

జుమా భాయ్ మెల్లగా నా వైపు తిరిగాడు. "మల్లేశ్. నా పుస్తకానికి నువ్వు కొట్టినవి?" జీవితంలో ఎన్నో కోతలు కోసినవాణ్ణి, ఆ క్షణాన ఒక్క అబద్ధం కూడా నాలుక మీదికి రాలేదు. అప్పారావన్న సాయం చేద్దామనుకుని మొత్తం ముంచాడు. "మల్లేశం గారిది మామూలు ఊఁ కాదండి బాబూ. ఆయన నిద్రలో కూడా కొడతారు. మొన్న మా బావమరిది గొడవ చెప్తుంటే, ఓ గురక, ఓ ఊఁ, ఓ గురక, ఓ ఊఁ. నేను మొత్తం చెప్పేసేకా తెలిసిందండి, ఆయన పడుకున్నారని."

జుమా భాయ్ అరవలేదు. అరిచినా బాగుండేది. మేకని మడిచి మంచం కింద పెట్టేశాడు. "రెండేళ్ళ శుక్రవారాలు," అన్నాడు, "బతికే ఉన్నానని చెప్పే మనిషి మాట మీద నవల కట్టాను." ఆరోజు నుంచి శుక్రవారం వంటకి అతను దిగలేదు. కాగితాలు తెరవలేదు. టైర్ల గోడౌన్‌లో మాత్రం టైర్లని మునుపటికంటే గట్టిగా, అరిచినట్టుగా లెక్కపెట్టేవాడు.

ఆ శుక్రవారాల్లో మేం తిన్న తిండి నా శత్రువు కూడా తినకూడదు. కొబ్బరన్నం నేనే వండుతానన్నాను. డబ్బా కొబ్బరి పొడి పోసి వండాను. అడుగు మాడింది, పైన బియ్యం బియ్యంగానే ఉంది, మధ్యలో ఏముందో చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అన్నం ముందు కూచుని వంక పెట్టకూడదని ఖాజా మామ నియమం. ఒక ముద్ద తిని, "అల్లా గొప్పోడు" అని చేతులు కడుక్కున్నాడు. "దీన్ని పారెయ్యకండి, నాకు తలుపు చెక్కలు అతికించడానికి పనికొస్తది" అన్నాడు అప్పారావన్న. జుమా భాయ్ గోడ వైపు తిరిగి పడుకుని బ్రెడ్డు తిన్నాడు. తినేటప్పుడు అతని భుజాలు కాస్త కదిలాయి. నవ్వాడని నేనంటాను, కాదని అప్పారావన్న అంటాడు.

రంజాన్ వచ్చింది. డ్యూటీ తగ్గింది. మధ్యాహ్నాలు గదిలోనే ఉండేవాళ్ళం. ఇద్దరు ఉపవాసం, ఇద్దరం కాదు. ఉపవాసం ఉన్నవాళ్ళు వండుతూ రుచి చూడకూడదు కాబట్టి ఖాజా మామ గరిటె ముందుకు చాపేవాడు, నేనో అప్పారావన్నో నాలుక మీద వేసుకుని ఉప్పు చెప్పేవాళ్ళం. మేం బయటెక్కడైనా ఉంటే పిలుచుకొచ్చేవాడు. ఓరోజు అలాగే గరిటె పట్టుకుని ఖాజా మామ జుమా భాయ్ మంచం దగ్గరికెళ్ళి కూచున్నాడు. "భాయ్, తప్పు నీది గాదు, పోరనిది గాదు. అలవాటుది. పండుగ ఇంకా రాలే గద. మళ్ళ మొదటికెల్లి చెప్పు. ఈసారి ఎవడన్న ఊఁ అన్నడంటె, వానికి ఇఫ్తార్ల పకోడీలు బంద్." చాలాసేపటికి మంచం కిందనుంచి మేక బయటికొచ్చింది. "పౌక్వా" అన్నాడు జుమా భాయ్, అనుమానంగా. "పకావా!" అని మేం ముగ్గురం అరిచిన అరుపుకి పక్క గదిలోవాళ్ళు ఇఫ్తార్ అయ్యిందనుకుని ఖర్జూరాలు నోట్లో వేసుకోబోయారు.

ఊఁ లేకుండా కథ వినడం ఎంత కష్టమో మీకు తెలీదు. గొంతులో దురద. అప్పారావన్న పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేవాడు, రంజాన్ సగమయ్యేసరికి రెండు పెన్సిళ్ళు అయిపోయాయి. నేను మింగిన ఊఁలన్నీ పొట్టలో చేరి ఉబ్బరం తెచ్చాయి. జుమా భాయ్ ఇప్పుడు మా నోళ్ళు చూడటం మానేసి చేతులు చూడసాగాడు. కత్తి ఆగిందా, రాళ్ళు ఏరే వేలు ఆగిందా. ఆగిన చోటల్లా కళ్ళతో గుర్తుపెట్టుకునేవాడు. నేను ఊఁలు కొట్టి నిలబెట్టిన పేజీలు సగం రాలిపోయాయి. తుమ్ముకి పోయిన ముసలి జాలరి తిరిగొచ్చాడు, అతను చెప్పిన తుఫానుకి అప్పారావన్న వంకాయ నడుమ కత్తి ఆపేశాడు. జుమా భాయ్ మొహంలోకి పళ్ళ సందు మళ్ళీ వచ్చింది.

పండగ ఇక వచ్చేసినట్టే అన్నప్పుడు చివరి అధ్యాయం చెప్పాడు. మకామే ఓడ ఎక్కి ఇంటికెళ్ళాడు, ఒడ్డున భార్య. మా చేతులు పని చేస్తూనే ఉన్నాయి. చిప్ప మార్చి ఇంకోలా చెప్పాడు. మకామే ఎక్కలేదు, ఇసకలో నిలబడి తెరచాప చిన్నదైపోవడం చూశాడు. కత్తి టకటకమంటూనే ఉంది. జుమా భాయ్ తల వంచుకున్నాడు. అప్పుడు ఖాజా మామ, శనగలు నానబోస్తూ, తనలో తను అడిగినట్టుగా అడిగాడు. "భాయ్, ఒక్క మాట. ఈ మకామే ఏడాది ఒడ్డు మీదనే ఉన్నడు. మరి జహాజ్ల వంట ఎవలు చేసిన్రు?"

కొబ్బరి కోరే చెయ్యి ఆగింది. ఎప్పుడూ మా చేతులు ఆగాయా అని చూసేవాడు, ఈసారి అతనిదే ఆగింది.

"మల్లేశం గారు చేసుంటారండి," అన్నాడు అప్పారావన్న. "అందుకే రావడానికి ఏడాది పట్టేసింది. అందరికీ కడుపులో నొప్పి."

మేం నవ్వాం. జుమా భాయ్ నవ్వలేదు. లేచి అలమారాలోంచి లూమీ సంచీ తీశాడు. ఒక కాయ చెవి దగ్గర ఊపాడు. వచ్చి మేక మీద కూచుని, కొబ్బరి ముట్టుకోకుండా చెప్పాడు. ఓడ వస్తుంది. ఏడాదిగా దాచుకున్న తిట్లన్నీ నోట్లో నింపుకుని మకామే నడుంలోతు నీళ్ళలోకి నడుస్తాడు. పైకెక్కి చూస్తే నావికులందరూ బొమికల పోగులు. పొయ్యి దగ్గర ఓడ నడిపే సరంగే స్వయంగా కూచుని ఉన్నాడు, చేతుల నిండా కాలిన మచ్చలు, పొగకి ఎర్రబడ్డ కళ్ళు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటారు. ఒక్క తిట్టూ బయటికి రాదు. సరంగు గొంతు సవరించుకుని, "నిమ్మకాయలు దొరికాయా?" అంటాడు. మకామే నడుముకున్న మూట విప్పుతాడు. నల్లగా, తేలిగ్గా, గలగలలాడుతూ ఆ ఏడాది నాటి నిమ్మకాయలు. "దొరికాయి. కాస్త ఆలస్యమైంది" అంటాడు, గరిటె అందుకుని, కాయల్ని కూరలో వేస్తాడు.

బయట అజాన్ వినపడింది. ఖర్జూరాల పళ్ళెం మధ్యలోనే ఉంది. ఒక్క క్షణం ఎవరి చెయ్యీ కదల్లేదు. ఊఁ కొట్టకూడదన్న నియమం నాకు అప్పుడు అవసరం పడలేదు. కొట్టాలనే గుర్తురాలేదు.

పండగ రోజు ఖాజా మామ కంపెనీని అడిగి బస్సు తీశాడు. నలుగురం అరాద్ వెళ్ళి ఆ మడ కర్రల కప్పు కింద కాగితాల కట్ట అతని తమ్ముడి చేతిలో పెట్టాం. తర్వాత నీళ్ళ ఒడ్డున కూచుని తల మీదుగా పోయే విమానాల్ని చూశాం. మర్నాడు ఏ విమానంలో నవల పోతుందో తెలీక జుమా భాయ్ అన్నిటికీ చెయ్యి ఊపాడు. ఈసారి అది వెనక్కి రాలేదు. పుస్తకం అచ్చవుతోందన్న కబురు వచ్చినప్పుడు నేను ఊరికి బయల్దేరుతున్నాను. అప్పారావన్న ఆ మేకని చూసి ఇంకో మేక చేశాడు, మరకలతో సహా. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏదో జుమా భాయ్‌కే తెలీలేదు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకున్నాడు, రెండోది నాకిచ్చాడు. నా దగ్గరున్నది నానమ్మ మేకో అప్పారావు మేకో ఈరోజుకీ ఎవరికీ తెలీదు. రెండూ కొబ్బరి ఒక్కలాగే కోరతాయని అనుకుంటున్నాను.

ఇప్పుడు మా హోటల్లో జనం ఫోన్లు చూసుకుంటూ ఇడ్లీ తింటారు. నేనేదైనా చెప్పబోతే చెవుల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఊఁ కొట్టేవాళ్ళు లేరు. అబద్ధంగానైనా కొట్టేవాళ్ళు లేరు. కానీ అప్పటి గదితో పోలిస్తే ఇప్పుడు గాలి ఉంది, వెలుతురుంది, అన్నం మాడదు, మా ఆవిడ ఉంది. నాకేమీ లోటు లేదు. ఖాజా మామ ఊళ్ళో మనవలకి గోరింట గడ్డం చూపించి భయపెడుతున్నాడు. అప్పారావన్న చెవి మీద ఇప్పటికీ పెన్సిలుంది. జుమా భాయ్ తన దీవిలో, ఇంకా రాస్తున్నాడు. ఇంకా ముందు చెప్పి తర్వాతే రాస్తున్నాడట, మనవలు వినలేక పారిపోతున్నారట. ఆరోజు జైనబ్ మా మేక మీద కూచుని, సరదాగా ఒక చిప్ప కోరి, తర్వాత వాళ్ళ నాన్న చెప్పమన్నట్టుగానే "పౌక్వా" అంది. నేను "పకావా" అన్నాను, ఇడ్లీ తింటున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆ అమ్మాయి చివరి అధ్యాయం చదివింది. ముద్దగా, మెత్తగా ఉండే ఆ భాషలో జహాజీ అనే మాట, మకామే పేరు తప్ప ఇంకేవీ నాకు తెలిసినవి కావు. చివర్న ఎండిన నిమ్మకాయల దగ్గరికి వచ్చినట్టుంది, చదువుతూ పిడికిలి చెవి దగ్గర ఊపింది. తర్వాత పుస్తకం తిప్పి చూపించింది. ప్రతి అధ్యాయం చివరా, అచ్చులో, వాళ్ళ అక్షరాల్లో ఊఁ అని ఉంది. అక్కడి పాఠకులు అది గాలి చప్పుడనుకుంటారట.

ఒట్టు వేశాను కాబట్టి లెక్క అప్పజెప్పాలి. గుడ్ల సంగతి నిజం. విమానాల సంగతి నిజం. తుమ్ముకి పోయిన జాలరి, ఖాజా మామ స్టీరింగ్, అప్పారావు పెన్సిళ్ళు, అన్నీ నిజం. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. పుస్తకంలో ఎక్కడా ఊఁ అచ్చు కాలేదు. జైనబ్ వెళ్ళిపోయాక, టిఫిన్ల వేళ దాటాక, మేక మీద కూచుని పుస్తకం మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే తిప్పాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ప్రతి అధ్యాయం చివరా తెలుగులో ఊఁ అని పెన్సిలుతో నేనే రాసుకున్నాను. జుమా భాయ్ ఎప్పుడైనా ఈ వైపు వచ్చి అది చూస్తే, ఒకటే అడుగుతాడు. విని కొట్టావా, బతికే ఉన్నానని కొట్టావా అని.

విన్నాను భాయ్. ఈసారి విన్నాను.